పొడవంతా దువ్వెనలోనే పోతోంది: ఒక రింగుల జుట్టు కేసు

క్లయింటు ఫిర్యాదు ఒక్క ముక్కలో: "రెండేళ్లుగా నా జుట్టు పెరగడమే మానేసింది."

వయసు 29. వెంట్రుక సన్నం, సంఖ్య మాత్రం ఎక్కువ. రింగులు 3బి, 3సి రకాల (రింగు లావును బట్టి పెట్టిన పేర్లివి) మధ్య ఉన్నాయి. నడినెత్తి మీద రింగు లావు మార్కర్ పెన్నుకు చుట్టుకునేంత, మెడ వెనక పెన్సిలుకు చుట్టుకునేంత. రెండేళ్ల కిందట ఒకసారి థయోగ్లైకోలేట్ క్రీముతో శాశ్వత స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఆ జోలికి పోలేదు. సొంత రింగుల్నే నడుము దాకా పెంచుకోవాలన్నది కోరిక.

పది రోజులకోసారి తలస్నానం. జుట్టు పూర్తిగా ఆరాక సన్నపళ్ల దువ్వెనతో నెత్తి నుంచి కిందికి దువ్వుతారు. ఆ దువ్వడానికే గంటన్నర. ఆ హింస గుర్తొచ్చి మిగతా తొమ్మిది రోజులు చిక్కు జోలికే పోరు. గట్టి రబ్బరు బ్యాండుతో మెడ మీద ముడి వేసి వదిలేస్తారు. రేగిన జుట్టు అణగాలని రోజూ పైపైన నూనె రాస్తారు. గత ఏడాదిలో పెద్ద జ్వరం, ప్రసవం, ఆపరేషన్ వంటివి లేవు. థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు అంతకుముందే చేయించుకున్నారు, ఫలితాలు మామూలుగానే ఉన్నాయి. మాడు మీద పొలుసు లేదు, ఎరుపు లేదు, పాపిట వెడల్పు కాలేదు.

ఇలాంటి కేసులో ముందు తేల్చాల్సింది ఒకటే. జుట్టు నిజంగా పెరగడం లేదా, లేక పైన ఎంత పెరుగుతోందో కింద అంతా తెగిపోతోందా? అద్దంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు.

జుట్టులోనే ఉన్న స్కేలు

ఈ కేసులో జవాబు ఆమె తలమీదే రాసి ఉంది. స్ట్రెయిటెనింగ్ చేసిన రోజు మాడు దగ్గరున్న వెంట్రుక ఇప్పుడు కిందికి దిగి ఉంటుంది. అంతవరకు రింగులు, అక్కడినుంచి తిన్నటి పీచు. మెడ వెనక ఒక పాయను తడిపి, లాగకుండా నిలువుగా చాపి కొలిస్తే మాడు నుంచి ఆ రెండూ కలిసే గీత దాకా 28 సెం.మీ., గీత కింద 14 సెం.మీ., మొత్తం 42. తల వెంట్రుక నెలకు సుమారు 1 నుంచి 1.25 సెం.మీ. పెరుగుతుంది. 24 నెలలకు 28 అంటే పెరుగుదలలో ఏ లోపమూ లేదు.

మరి మిగతాది ఏమైంది? స్ట్రెయిటెనింగ్ నాటికి మెడ వెనక పొడవు 38 సెం.మీ. ఉండేదని ఆమె దగ్గరున్న పాత ఫోటోల్ని బట్టి తేలింది. మధ్యలో రెండుసార్లు కలిపి 6 సెం.మీ. కత్తిరించారు. అంటే గీత కింద 32 మిగలాలి. ఉన్నది 14. మిగతా 18 సెంటీమీటర్లు కొంచెం కొంచెంగా తెగి దువ్వెనలోకి వెళ్లాయి. పైగా రింగు ముడుచుకుంటే 42 సెం.మీ. జుట్టు చూపుకు 26 లాగే ఉంటుంది కాబట్టి పెరిగిన పొడవు కూడా ఆమె కంటికి ఆనలేదు.

కొలత ఒక్కటే సరిపోదు. మొదటి రోజు ఆమె దువ్వెన నుంచి వచ్చిన 60 వెంట్రుకల్ని తెల్లకాగితం మీద పరిచి ఒక్కోటీ రెండు చివరలా చూశాం. ఒక చివర ఆవగింజలో సగం కూడా ఉండని తెల్లటి బుడిపె ఉంటే అది కాలం తీరి, మొదలుతో సహా రాలిన వెంట్రుక. దాని గురించి బెంగ అక్కర్లేదు. బుడిపె లేకపోతే అది తెగిన ముక్క. 60లో బుడిపె ఉన్నవి 23. లేనివి 37. ఆ 37లో 26 ముక్కలు తిన్నగా, 3 నుంచి 9 సెం.మీ. పొడవుతో ఉన్నాయి: స్ట్రెయిటెనింగ్ చేసిన భాగం నుంచి తెగినవి. మిగిలిన 11 ముక్కలు రింగు తిరిగి ఉన్నాయి. అసలు ఆందోళన ఈ 11 గురించే. రసాయనం ఎన్నడూ తగలని, ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక మధ్యలో తెగుతోందంటే తప్పు దువ్వెనది, దువ్వే తీరుది.

ఈ పరీక్షకు తెల్లకాగితం, మంచి వెలుతురు చాలు. జుట్టు రాలుతోందని వచ్చినవాళ్లలో చాలామంది దీన్ని చేసి ఉండరు. ఒక చిన్న హెచ్చరిక: బుడిపె ఉన్నవే అమాంతం పెరిగినా, పాపిట పలచబడినా, గుండ్రంగా ఖాళీలు కనిపించినా, కణతల దగ్గర జుట్టు వెనక్కి జరిగినా అది చిక్కు సమస్య కాదు, చర్మవైద్యుల దగ్గరికి పంపాల్సిన కేసు.

పది రోజులు ఆగితే ఏమవుతుంది

తలనుంచి రోజూ 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. తిన్నటి జుట్టులో అవి జారి కింద పడిపోతాయి. రింగుల జుట్టులో పడవు; పక్క రింగును పట్టుకుని వేలాడతాయి. పది రోజుల్లో 500 నుంచి 1000 రాలిన వెంట్రుకలు జుట్టులోనే ఉండిపోతాయి. వాటికి రెండు చివరలూ స్వేచ్ఛే. కాబట్టి కదిలినప్పుడల్లా బతికున్న వెంట్రుకల చుట్టూ తిరిగి ముడేస్తాయి. "తలస్నానం చేస్తే గుప్పెళ్లకొద్దీ రాలుతోంది" అని ఆమె స్నానాలు ఇంకా దూరం జరుపుకున్నారు. ఆ గుప్పెడు ఒక్కరోజుది కాదు, పదిరోజుల బాకీ.

రింగు వెంట్రుక అడ్డకోత గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా నొక్కుకుని ఉంటుంది. పైన పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న క్యూటికల్ పొలుసులు మలుపు దగ్గర త్వరగా లేస్తాయి. మాడు నుంచి వచ్చే సహజ నూనె ఆ మలుపులన్నీ దాటి చివరిదాకా దిగదు. వెంట్రుక పైన నీరు నిలవకుండా, జారుడుగా ఉంచే కొవ్వు పొర, 18-ఎంఈఏ అనేది, క్షార రసాయనాలకు ఊడిపోతుంది. థయోగ్లైకోలేట్ క్రీము పీహెచ్ 9 దాటే ఉంటుంది. అందుకే గీత కింది 14 సెం.మీ. భాగం గరుకుగా, నీళ్లు తగలగానే పీల్చేసుకునేలా తయారైంది. తడిపి సాగదీస్తే పై భాగం సాగి వెనక్కి వచ్చింది, కింది భాగం సాగి అలాగే ఉండిపోయింది. రెండు రకాల జుట్టు కలిసే ఆ గీత దగ్గరే వంపు మారుతుంది, బలం మారుతుంది. దువ్వెన పై నుంచి దిగి ఆగేదీ అక్కడే.

ఇక పొడిగా దువ్వడం. తిన్నటి జుట్టును పొడిగా దువ్వడం తేలిక, తడిగా కష్టం. బిగుతు రింగులకు ఇది తలకిందులు. నీరు తగిలితే వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు వదులై రింగు సడలుతుంది, పెనవేసుకున్నవి విడతాయి. అలాగని ఉట్టి నీళ్లతో తడిపి లాగితే ఇంకో ప్రమాదం ఉంది. తడి వెంట్రుక తన పొడవులో సుమారు 30 శాతం దాకా సాగి తిరిగి కోలుకుంటుంది. అది దాటితే లోపల శాశ్వతంగా చెడుతుంది. అంటే తడి ఉండాలి, తడి మీద జారుడు కూడా ఉండాలి. ఆ జారుడు కండిషనర్ నుంచి రావాలి.

పొడిగా దువ్వడం వల్ల రెండో నష్టం రేగడం. పది, ఇరవై వెంట్రుకలు కలిసి ఒక రింగుగా ఏర్పడతాయి. పొడి దువ్వెన ఆ గుంపును విడదీస్తే ఒక్కో వెంట్రుక ఒక్కో దిక్కుకు లేస్తుంది. క్లయింటు దీన్ని పొడిబారడం అనుకుని నూనె రాశారు. నూనె రాస్తే విడిపోయిన గుంపు మళ్లీ చేరదు. రేగిన జుట్టుకు నూనే మందు అన్న మాట ఎంత పాతదైనా, ఈ సందర్భంలో అది దుమ్మును అంటించి చిక్కును పెంచింది, అంతే.

మెడ వెనక ముద్ద

మొదటి సిట్టింగులో ముడి విప్పగానే మెడ వెనక 5 సెం.మీ. పొడవు, 4 వెడల్పు ఉన్న అట్ట కట్టిన ముద్ద బయటపడింది. రోజూ ఒకేచోట రబ్బరు బ్యాండు, దాని మీద చొక్కా కాలరు, కుర్చీ వీపు రాపిడి. ఆమె దాన్ని కత్తిరించెయ్యమన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వేళ్లతో వదిలే ముద్ద అది, ఓపిక ఉంటే చాలు.

ముద్దను ముందు నీళ్లతో తడపలేదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, పొలుసులు లేస్తాయి, ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. షాంపూ వేసి నురగలో రుద్దితే ఉన్ని బట్ట వేడినీళ్లలో అట్ట కట్టినట్టు కడుతుంది. అందుకని మిగతా జుట్టును ఆరు పాయలుగా క్లిప్పులతో పైకి పెట్టి, పొడి ముద్దకే 60 మి.లీ. కండిషనర్ పట్టించాం. సీట్రిమోనియం క్లోరైడ్, సీటెరిల్ ఆల్కహాల్, డైమెథికోన్ (ఒక రకం సిలికాన్) ఉన్న మామూలు కండిషనర్. పైపైన పూసి ఊరుకోకుండా వేళ్లతో లోపలికి నొక్కుతూ, కింది వైపునుంచీ పట్టించి 15 నిమిషాలు ఆగాం.

చెబితే చిన్నదిగానే ఉంటుంది గానీ చేతులు నొప్పిపుట్టే పని. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో ముద్దకూ మాడుకూ మధ్య జుట్టును గట్టిగా పట్టుకోవాలి. ఇక లాగుడంతా ఆ వేళ్ల మీదే పడుతుంది, కుదురు మీద పడదు. కుడిచేత్తో ముద్ద అడుగు అంచునుంచి పది పదిహేను వెంట్రుకల చిన్న పాయను పక్కకు లాగాలి. కిందికి లాగకూడదు, కిందికి లాగితే ముడి ఉరి బిగిసినట్టు బిగుస్తుంది. వేలు దూరనిచోట తోక దువ్వెన తోకను అడ్డంగా గుచ్చి, కొంచెం పైకెత్తి సడలించాలి. సగం పాయ విడిపోయాక కొత్తగా ఇంకో 10 మి.లీ. కండిషనర్. ఎండిపోనివ్వకూడదు. ఎండుతోందని చెవికే తెలుస్తుంది: జారుతున్న జుట్టు చప్పుడు చేయదు, ఎండుతున్నది చిటచిటమంటుంది. ఆ చప్పుడు ఒక్కోటీ ఒక్కో వెంట్రుక తెగడమే. రెండుసార్లు వినపడితే చెయ్యి ఆపి కండిషనర్ వెయ్యాలి.

మొత్తం 55 నిమిషాలు పట్టింది. ఒక్కచోట మాత్రం ముద్దను నిలువుగా, జుట్టు వాలే దిశలోనే, సన్నకత్తెరతో ఒక సెంటీమీటరు చీల్చాల్సి వచ్చింది. అడ్డంగా కోస్తే పిడికెడు పోతుంది. నిలువుగా చీలిస్తే కొన్నే పోతాయి. ముద్ద నుంచి బయటికొచ్చిన రాలిన జుట్టును ఉండ చుడితే పెద్ద నిమ్మకాయంత అయింది. క్లయింటు చూసి బెదిరిపోయారు. విప్పి చూపిస్తే దాదాపు అన్నింటికీ తెల్ల బుడిపె ఉంది. ఎప్పుడో రాలి, బయటికి దారిలేక చిక్కుకున్నవి.

కత్తెర ఎంత

పొడవు కావాలని వచ్చిన మనిషికి ముందే 14 సెం.మీ. కోద్దామంటే మళ్లీ రారు. అసలు కొయ్యకపోతే చివరల చీలికలు పైకి పాకుతాయి, చీలిన చివరలు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కు పెడతాయి. మధ్యేమార్గంగా మొదట 4 సెం.మీ., ఆ తర్వాత 12 వారాలకోసారి 1 సెం.మీ. ఒప్పుకున్నారు. 12 వారాల్లో సుమారు 3.3 సెం.మీ. పెరుగుతుంది, 1 పోతుంది. తెగడం ఆగితే లెక్క లాభంలోనే ఉంటుంది. "కత్తిరిస్తే వేగంగా పెరుగుతుంది" అనేది అపోహే. కుదురుకు చివర్లో ఏం జరిగిందో తెలియదు.

ఇంట్లో తలస్నానం రోజు

పది రోజుల ఎడాన్ని ఐదు రోజులకు తగ్గించాం. ఈ మొత్తం కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చిన ఒక్క మార్పు ఏదంటే ఇదే. రాలినవి 250 నుంచి 500 ఉండగానే బయటికి వచ్చేస్తాయి. ముద్ద కట్టే వ్యవధే ఉండదు.

స్నానానికి గంట ముందు 10 మి.లీ. కొబ్బరినూనె, చెవి కిందినుంచి చివరల దాకా మాత్రమే. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగగలదు. అందువల్ల నీళ్లలో ఉబ్బడం, ప్రొటీను కారిపోవడం తగ్గుతాయి. మినరల్ ఆయిల్ ఇలా దిగదు, పైనే ఉంటుంది. రోజూ పైపైన రాసే నూనె పూర్తిగా మానిపించాం.

జుట్టును నాలుగు పాయలు చేసి వదులుగా మెలిపెట్టాలి. 8 నుంచి 10 మి.లీ. షాంపూను 50 మి.లీ. నీళ్లలో కలిపి, పాయల మధ్య మాడు మీద పోసుకుని వేళ్ల కొసలతో రుద్దాలి. పాయల్ని రుద్దనక్కర్లేదు, కారే నురగే చాలు. జుట్టంతా నెత్తిమీద కుప్పపోసి గుండ్రంగా రుద్దే అలవాటు పూర్తిగా వదలాలి. పది నిమిషాల్లో వారం చిక్కు తయారయ్యేది అలాగే.

తర్వాత 40 మి.లీ. కండిషనర్. భుజాలకు కాస్త దిగిన ఈ గుబురు జుట్టుకు ఇది కొలిచి చెప్పిన అంకె. "నాణెమంత" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, ఆ నాణెం తిన్నటి పొట్టి జుట్టుది. పాయకు 10 మి.లీ. చొప్పున వేసి అరచేతుల మధ్య కిందికి దువ్వినట్టు రాసి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. దెబ్బతిన్న వెంట్రుక ఉపరితలం రుణావేశంతో ఉంటుంది. కండిషనర్‌లోని సీట్రిమోనియం, బెహెన్‌ట్రిమోనియం వంటివి ధనావేశంతో ఉంటాయి. అందుకే ఎక్కడ ఎక్కువ చెడిందో అక్కడే ఎక్కువ అతుక్కుంటాయి. పీహెచ్ కూడా 3.5 నుంచి 4.5 మధ్య ఉంటే పొలుసులు అణిగి ఉంటాయి.

చిక్కు తీయడానికి ముందు వేళ్లు, ఆ తర్వాతే దువ్వెన. చివరి 5 సెం.మీ. నుంచి మొదలుపెట్టి అది సాఫీగా జారాకే పైన ఇంకో 5 సెం.మీ. అందుకోవాలి. దువ్వెన పళ్ల మధ్య ఖాళీ 8 మి.మీ. పైన ఉండాలి. అచ్చు పోసిన చవక ప్లాస్టిక్ దువ్వెనల పళ్ల పక్కన సన్నటి అంచు మిగిలిపోతుంది. పళ్ల మధ్య దూదిని లాగి చూస్తే తెలుస్తుంది: దూది పోగు చిక్కుకుంటే ఆ దువ్వెన జుట్టును కోస్తుంది, పక్కన పెట్టెయ్యాలి. ముందు క్లయింటు వాడిన దువ్వెన ఈ పరీక్షలో నిలవలేదు.

కండిషనర్ కడిగాక జుట్టు చేతికి సముద్రపు నాచులా జారాలి. కిర్రుమనేదాకా కడిగేస్తే పని వృథా. నీళ్లు కారుతుండగానే 5 మి.లీ. లీవ్-ఇన్ (కడగకుండా జుట్టుకే వదిలేసే కండిషనర్), దాని మీద 10 మి.లీ. జెల్. ఇక్కడ నీళ్లు పిండేశాక రాస్తే రింగుల గుంపులు కట్టవు. పాత నూలు టీషర్టుతో కిందినుంచి పిడికిట్లోకి నొక్కి నీళ్లు తీయాలి, తువ్వాలుతో రుద్దకూడదు. ఆ తర్వాత పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. జెల్ ఆరి పెళుసు పొర కడుతుంది, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. పూర్తిగా ఆరాక అరచేతిలో నలిపితే పొర విరిగి రింగు మెత్తగా మిగులుతుంది. సగం తడిమీద నలిపేస్తే ఎంత జెల్ వేసినా రేగుతుంది. తొందరుంటే డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే చిల్లుల గిన్నె) పెట్టిన డ్రయర్, తక్కువ వేడి, కనీసం 15 సెం.మీ. దూరం, ఒకేచోట ఆపకుండా.

స్నానాల మధ్య రోజుల్లో దువ్వెన అసలు లేదు. పడుకునేముందు వదులైన రెండు జడలు, శాటిన్ దిండుగలీబు. ముడి చోటు రోజూ మారాలి. మెడ వెనక, చెవుల వెనక మాత్రం రెండు రోజులకోసారి కొంచెం నీళ్లు చిలకరించి, లీవ్-ఇన్ రెండు చుక్కలు అద్ది వేళ్లతో విడదీసుకోవాలి. రెండు నిమిషాల పని.

మధ్యలో చెడింది ఎక్కడ

మొదటి నెల బాగా జరిగింది. చిక్కు తీసే సమయం 90 నిమిషాల నుంచి 35కు దిగింది. ఆరో వారానికి మళ్లీ 60. జుట్టు బరువుగా, కళ తప్పి, తడిసినా తడవనట్టు తయారైంది. వేళ్ల మధ్య రుద్దితే మైనం లాంటి జిగట. కారణం వెతికితే తప్పు సగం మాదే. లీవ్-ఇన్ కొలత "కాసింత" అని నోటిమాటగా చెప్పాం, ఆమె చేతిలో కాసింత అంటే 15 మి.లీ. దాని మీద సల్ఫేట్ లేని మెత్తటి షాంపూ, ఇంట్లో కఠిన జలం. పాలీక్వాటర్నియం (జుట్టుకు అతుక్కునే పాలిమర్), సిలికాన్, నీళ్లలోని కాల్షియం పొరలు పొరలుగా పేరుకున్నాయి. సోడియం లారెత్ సల్ఫేట్ ఉన్న షాంపూతో ఒకసారి, కాల్షియాన్ని పట్టి లాగే డైసోడియం ఈడీటీఏ ఉన్న క్లారిఫైయింగ్ (పేరుకున్నదాన్ని వదిలించే) షాంపూతో వెంటనే మరోసారి కడిగి, బోలెడు కండిషనర్ పెడితే అదే రోజు తేలికపడింది. అప్పట్నుంచి ప్రతి నాలుగో స్నానానికి ఈడీటీఏ షాంపూ, లీవ్-ఇన్‌కు 5 మి.లీ. చెంచా.

సల్ఫేటు విషం, సిలికాన్ విషం అనే ప్రచారం రింగుల జుట్టువాళ్లకు చేసిన మేలు కన్నా చెరుపే ఎక్కువ. చిక్కు తీసేటప్పుడు డైమెథికోన్ ఇచ్చినంత జారుడు ఈ ధరలో, ఈ తేలికలో ఇంకేదీ ఇవ్వదు. దాన్ని కడగగల షాంపూ కూడా ఇంట్లో ఉంటే గొడవే లేదు.

మూడో నెలలో ఇంకో సంగతి. తెగడం ఆగాలని ఆమె సొంతంగా హైడ్రొలైజ్డ్ కెరాటిన్ (ప్రొటీను) మాస్కును ప్రతి స్నానానికీ పెట్టడం మొదలుపెట్టారు. నాలుగు వారాల్లో జుట్టు గడ్డిలా బిరుసెక్కింది, తడిగా లాగితే సాగకుండా పుటుక్కుమంది. మాస్కు ఆపి, ఆరు వారాలకోసారికి, అదీ గీత కింది భాగానికే పరిమితం చేశాక సర్దుకుంది.

గాలిలో తేమ ఎక్కువైన నెలలో రేగడం మళ్లీ వచ్చింది. ఈసారి కారణం లీవ్-ఇన్ పదార్థాల జాబితాలో రెండో పేరుగా ఉన్న గ్లిజరిన్. అది గాలిలోని తేమను లాగి వెంట్రుకలోకి చేరుస్తుంది, వెంట్రుక ఉబ్బి రింగు ఆకారం చెడుతుంది. గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు పరిస్థితి తలకిందులై, తేమ జుట్టు నుంచే బయటికి పోతుంది. గ్లిజరిన్ జాబితాలో చివర్లో ఉన్న లీవ్-ఇన్‌కు, పీవీపీ (జుట్టు మీద పొర కట్టే పాలిమర్) ఉన్న గట్టి పట్టు జెల్‌కు మారిస్తే చాలావరకు అణిగింది. పూర్తిగా కాదు. నడినెత్తి మీద నిలబడే పొట్టి వెంట్రుకలు తేమవి కావు, మొదటి రెండేళ్లలో తెగినవి మళ్లీ పెరుగుతున్నవి. వాటిని అణచడానికి ఏ సీసా కొనొద్దని, పొడవు అయ్యాక అవే వాలతాయని చెప్పాం.

9వ నెల

మొదట 42 సెం.మీ., 4 కోశాక 38. తొమ్మిది నెలల్లో పెరగాల్సింది సుమారు 10.8, రెండు దఫాలుగా కోసింది 2. ఏమీ తెగకపోతే 46.8 ఉండాలి. కొలిస్తే 46. తెగుడు ఒక సెంటీమీటరు లోపే. దువ్వెన నుంచి తీసిన 60 వెంట్రుకల్లో బుడిపె ఉన్నవి 52, లేనివి 8. ఆ 8లో రింగు తిరిగిన ముక్క ఒక్కటే. స్నానం రోజు చిక్కు తీసే సమయం 18 నిమిషాలు. మెడ వెనక ముద్ద ఒకసారి మాత్రం, ఎత్తు కాలరు చలికోటు వేసిన వారంలో, చిన్నగా తిరిగొచ్చింది.

మిగిలింది రెండు పనులు. గీత కింద ఇంకా 7 సెం.మీ. పైచిలుకు తిన్నటి భాగం ఉంది. ఆమె ఒప్పుకుంటే ఒకేసారి తీసేయవచ్చు, లేదంటే 12 వారాలకు 1 సెం.మీ. లెక్కన దాదాపు ఏడాదిన్నర. ప్రస్తుతానికి రెండో దారే ఎంచుకున్నారు.

రెండోది ఒంటి వెంట్రుక ముడులు. రింగు వెంట్రుక తన చుట్టూ తనే తిరిగి వేసుకునే ఇసుకరేణువంత ముడి ఇది. పాయను వేళ్ల మధ్య జార్చితే గరుకుగా తగులుతుంది. జుట్టు పొడవు పెరిగేకొద్దీ, వదిలేసి తిరిగితే ఇవీ పెరుగుతాయి. జడలో ఉంచితే తగ్గుతాయి. లాగి ఊడదీయకూడదు, ముడి దగ్గరే తెగి చివర రెండుగా చీలుతుంది. వెలుతురులో ఒక్కో పాయ చూస్తూ, పదునైన చిన్న కత్తెరతో ముడికి 3 మి.మీ. పైన అడ్డంగా కోసెయ్యాలి. కాగితాలు, బట్టలు కోసిన కత్తెర మొద్దుబారి ఉంటుంది, వెంట్రుకను నలుపుతుంది. దీనికి వేరే కత్తెర పెట్టుకోవాలి. నెలకోసారి, ఒక్కో సిట్టింగుకు 20 నిమిషాలు మించకుండా చేస్తున్నారు.